కణజాలంలోకి దారి: అతిస్వల్ప విద్యుదయస్కాంత పల్సులు, రోధక కటకాలు

కేంద్రీకరించడం అనగానే మన మనసులో మెదిలేది భూతద్దం. ఎండను వంచి ఒక్క చుక్కగా పోగుచేసి కాగితాన్ని కాల్చే ఆ గాజుముక్కను చిన్నప్పుడు చేతిలో పట్టుకోని వారు అరుదు. రోధక కటకంతో, అంటే విద్యుత్తును పారనివ్వని పదార్థంతో చేసిన కటకంతో, విద్యుదయస్కాంత పల్సులను శరీర కణజాలం మీద కేంద్రీకరిస్తారని వినగానే కూడా ఆ చిత్రమే ముందుకు వస్తుంది. అయితే అది రెండు విధాలుగా దారి తప్పిస్తుంది. ఇక్కడ కటకం చేసే ముఖ్యమైన పని తరంగాన్ని వంచడం కాదు; అప్పటికే ఒక బిందువు వైపు ముడుచుకుంటూ వస్తున్న తరంగాన్ని శరీరం వెనక్కి నెట్టివేయకుండా లోపలికి తీసుకుపోవడం. కాల్చడం కూడా ఇక్కడి ఉద్దేశం కాదు. కణజాలం వేడెక్కడానికి వ్యవధి ఇవ్వకుండా కణాల మీద బలమైన విద్యుత్ క్షేత్రాన్ని క్షణంలో అతి చిన్న భాగం పాటు నిలపడమే లక్ష్యం. ఈ రెండు సంగతులూ స్పష్టపడితే మిగిలిన చిక్కుముళ్లు ఒక్కొక్కటిగా విడిపోతాయి.

ముందుగా కణం సంగతి చూద్దాం. ప్రతి జీవకణాన్నీ సుమారు 5 నానోమీటర్ల మందం గల కొవ్వు పొర చుట్టి ఉంటుంది. దానికి లోపలా బయటా ఉన్నది ఉప్పునీటి వంటి ద్రవం. విద్యుత్తు దృష్టితో చూస్తే ఇది రెండు వాహకాల నడుమ ఇరుక్కున్న పలుచని రోధకం, అంటే ఒక కెపాసిటర్. బయట విద్యుత్ క్షేత్రం ఏర్పడితే ద్రవంలోని అయాన్లు కదిలి పొర రెండు ముఖాల మీదా పేరుకుంటాయి, పొరకు అటూ ఇటూ వోల్టేజి పెరుగుతుంది. అది ఇంచుమించు 1 వోల్టుకు చేరేసరికి పొరలో అతి సూక్ష్మమైన రంధ్రాలు తెరుచుకుంటాయి. ఒక్క వోల్టేనా అనిపించవచ్చు, కానీ 5 నానోమీటర్ల మందం మీద 1 వోల్టు అంటే సెంటీమీటరుకు 20 లక్షల వోల్టుల తీవ్రత. బలమైన విద్యుత్ క్షేత్రాలు వేడితో నిమిత్తం లేకుండానే సూక్ష్మజీవులను చంపగలవని సేల్, హామిల్టన్ అనే పరిశోధకులు 1967లో చూపారు. 1982లో నాయ్‌మన్ బృందం ఇదే పద్ధతితో ఎలుక కణాల్లోకి జన్యువులను పంపింది. ఎలక్ట్రోపోరేషన్ అనే పేరు స్థిరపడింది ఆ తర్వాతనే.

ఈ పొర మీద ఆవేశం నిండడానికి కొంత వ్యవధి కావాలి. 10 మైక్రోమీటర్ల వ్యాసం గల కణానికి లెక్క వేస్తే ఆ వ్యవధి సుమారు 75 నానోసెకన్లు వస్తుంది. పల్సు అంతకన్నా ఎంతో ఎక్కువసేపు నిలిస్తే సెంటీమీటరుకు 1.3 కిలోవోల్టుల క్షేత్రమే 1 వోల్టు పుట్టించడానికి సరిపోతుంది. అయితే అప్పుడు బయటి పొరే క్షేత్రాన్నంతా అడ్డుకుంటుంది, కణం లోపలి భాగాలకు అది దాదాపుగా తెలియదు. పల్సు పొర నిండే వ్యవధి కన్నా ముందే ముగిసేలా ఉంటే కథ మారుతుంది. బయటి పొర ఇంకా అడ్డుగోడ కాకముందే క్షేత్రం లోపలికి దూరి, అక్కడి సూక్ష్మాంగాల పొరల మీద కూడా పనిచేస్తుంది. కార్ల్ షోన్‌బాక్, ఆయన సహచరులు 2001లో ఈ అంతర్గత ప్రభావాన్ని ప్రయోగపూర్వకంగా ప్రకటించారు. 2006లో, ఎలుకల చర్మం మీద పెంచిన మెలనోమా అనే చర్మ క్యాన్సరు కణితులు 300 నానోసెకన్ల నిడివి గల, సెంటీమీటరుకు పదుల కిలోవోల్టుల తీవ్రత గల పల్సుల తర్వాత కుంచించుకుపోయినట్టు మరో పత్రం వెలువడింది. అలా విద్యుత్ పల్సును కత్తికీ మందుకీ భిన్నమైన మూడో సాధనంగా చూడడం మొదలైంది.

శరీరం మీద చేసిన అలాంటి ప్రయోగాల్లో పల్సును అందించినవి లోహపు ఎలక్ట్రోడ్లు: చర్మం మీద నొక్కిపెట్టే పలకలు, లేదా కణితిలోకి గుచ్చే సూదులు. ఎలక్ట్రోడ్ల మార్గం పనికిరానిదేమీ కాదు. గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ చికిత్సకు సన్నని గొట్టం చివరన ఎలక్ట్రోడ్లు అమర్చి, విద్యుత్ పల్సులతో గుండె కండరంలోని కొద్ది భాగాన్ని నిర్జీవం చేసే పరికరానికి అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2023 డిసెంబరులో అనుమతి ఇచ్చింది. అయితే సూది చేరలేని చోట్లు ఉంటాయి. చేరిన చోట కూడా క్షేత్రం సూది మొన దగ్గర అవసరానికి మించి, నడుమన అవసరానికి తగ్గి ఉంటుంది. సూది గుచ్చిన దారి పొడవునా గాయం మిగులుతుంది. బయటి నుంచి తరంగ రూపంలో పంపి లోపల ఒకచోట మాత్రమే బలపడేలా చేయగలిగితే ఈ ఇబ్బందులేవీ ఉండవు. కటకం ఆలోచన పుట్టింది ఈ ఆశ నుంచే.

ఇక్కడే పల్సు నిడివి నిర్ణాయకం అవుతుంది. విద్యుదయస్కాంత తరంగం గాలిలో నానోసెకనుకు 30 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది. 300 నానోసెకన్ల పల్సు గాలిలో 90 మీటర్ల పొడవున పరుచుకొని ఉంటుంది. వివర్తన నియమం ప్రకారం ఏ తరంగాన్నయినా దాని పొడవుతో పోల్చదగిన చోటు కన్నా బాగా చిన్న చోటులోకి కుదించలేం. 90 మీటర్ల దానిని ఒక కణితి మీద కేంద్రీకరించడం అనే మాటకే అర్థం లేదు. అదే 100 పికోసెకన్ల పల్సు, అంటే నానోసెకనులో పదో వంతు, గాలిలో 3 సెంటీమీటర్లే. నీటిలో ఆ వేగం తొమ్మిదో వంతుకు పడిపోతుంది కనుక అక్కడ దాని పొడవు 3.3 మిల్లీమీటర్లు. కణితుల పరిమాణంతో పోల్చదగిన కొలతలు ఇవి. కాబట్టి తరంగంగా కేంద్రీకరించదలచుకుంటే పల్సు నానోసెకనులో కొద్ది వంతుకు మించి ఉండకూడదు.

దీనికి మూల్యం ఉంది. 100 పికోసెకన్లలో అయాన్లు కదలడానికే తగిన వ్యవధి దొరకదు. కణద్రవం వాహకంలా ప్రవర్తించడానికి సుమారు 0.7 నానోసెకను పడుతుంది, అంతకు ముందు అది కూడా ఒక రోధకమే. అప్పుడు పొర మీద పడే క్షేత్రాన్ని ద్రవానికీ పొరకూ ఉన్న రోధక స్థిరాంకాల నిష్పత్తి నిర్ణయిస్తుంది; ఒక పదార్థం తన లోపలి విద్యుత్ క్షేత్రాన్ని ఎన్ని రెట్లు బలహీనపరుస్తుందో చెప్పే అంకె రోధక స్థిరాంకం. ఒకటి 80, రెండోది 5 అనుకుంటే ఆ నిష్పత్తి 16. కణం గుండ్రని ఆకారం వల్ల మరి కొంత కలుస్తుంది. ఇంత మాత్రపు పెంపుతో సెంటీమీటరుకు 20 లక్షల వోల్టులను అందుకోవాలంటే కణజాలంలో సెంటీమీటరుకు దాదాపు 100 కిలోవోల్టుల క్షేత్రం కావాలి. నిదానంగా సాగే పల్సుకు చాలిన 1.3 కిలోవోల్టులతో పోలిస్తే ఇది ఎంతో ఎక్కువ. ఈ రంగంలో కష్టమంతా ఈ ఒక్క అంకెలో ఉందని నేను భావిస్తాను. అయితే ఇంత క్షేత్రం కూడా కణజాలాన్ని వేడెక్కించదు: మీటరుకు 1 సీమెన్స్ వాహకత్వం గల కణజాలంలో అలాంటి ఒక్కో పల్సు పెంచే ఉష్ణోగ్రత డిగ్రీలో 400వ వంతు. పల్సుల నడుమ ఎడం ఉంచితే ఆ కాస్త వేడినీ రక్తప్రసరణ తుడిచేస్తుంది.

సమాన దూరాల దర్పణం

తరంగాన్ని ఒక బిందువు వైపు మళ్లించే పని దర్పణానిది. అణు విస్ఫోటనాల నుంచి వెలువడే విద్యుదయస్కాంత పల్సుల మీద అమెరికా వైమానిక దళ పరిశోధనశాలలో దశాబ్దాలు పనిచేసిన కార్ల్ బౌమ్, పరావలయ దర్పణంతో అతిస్వల్ప పల్సులను దూరానికి పంపే యాంటెనాను 1989లో ప్రతిపాదించారు. తర్వాతి కాలంలో న్యూ మెక్సికో విశ్వవిద్యాలయంలో ఆయన, ఆయన సహచరులు ఆ పరావలయాన్ని దీర్ఘవృత్తాభంగా మార్చి పల్సును దగ్గరి బిందువుకు చేర్చే రూపాన్ని తీర్చిదిద్దారు. కేవలం గణితంలో అందంగా ఉండే ఒక ధర్మం ఇక్కడ నేరుగా పనికి వచ్చింది. దీర్ఘవృత్తానికి రెండు నాభులు ఉంటాయి. దాని మీది ఏ బిందువు నుంచి చూసినా ఆ రెండు నాభులకు గల దూరాల మొత్తం ఒక్కటే. మొదటి నాభి వద్ద పల్సును పుట్టిస్తే అది గోళాకారంగా విస్తరించి, దర్పణాన్ని తాకి, తిరిగి గోళాకారంగా ముడుచుకుంటూ రెండో నాభిని చేరుతుంది. ఏ దారిన వచ్చినా పట్టే సమయం ఒక్కటే.

ఆ సమాన సమయం ఎంత ముఖ్యమో భూతద్దం అనుభవం చెప్పదు. ఎండలో వేర్వేరు దారుల్లో వచ్చిన కాంతి కొంచెం ముందూ వెనుకా చేరినా కాగితం కాలుతుంది, ఎందుకంటే అక్కడ పోగయ్యేది శక్తి. ఇక్కడ పోగు కావలసింది క్షేత్రం. 100 పికోసెకన్ల పల్సులో ఒక భాగం మరో భాగం కన్నా 100 పికోసెకన్లు ఆలస్యంగా వస్తే ఆ రెండూ ఒకదాని వెనుక ఒకటి దాటిపోతాయి. శిఖరం ఎత్తు పెరగదు. గాలిలో 3 సెంటీమీటర్ల తేడా, నీటిలో 3.3 మిల్లీమీటర్ల తేడా చాలు, మొత్తం శ్రమ వృథా కావడానికి. కాబట్టి ఇక్కడ కేంద్రీకరించడం అంటే స్థలంలోనే కాదు, కాలంలో కూడా.

చర్మం దగ్గర జరిగే రెండు నష్టాలు

రెండో నాభి గాలిలో ఉన్నంతవరకు పై ఏర్పాటు చక్కగా పనిచేస్తుంది. అక్కడ కణజాలాన్ని ఉంచగానే రెండు నష్టాలు మొదలవుతాయి. లెక్క తేలికగా ఉండడానికి కణజాలం రోధక స్థిరాంకాన్ని 81గా, అంటే వక్రీభవన గుణకాన్ని (తరంగ వేగం ఎన్ని రెట్లు తగ్గుతుందో చెప్పే, స్థిరాంకానికి వర్గమూలమైన అంకెను) 9గా తీసుకుందాం. నీటికి ఇది దగ్గరి విలువే.

మొదటి నష్టం పరావర్తనం. గాలిలోంచి నిటారుగా వచ్చిన తరంగం ఇలాంటి పదార్థాన్ని తాకితే 64 శాతం శక్తి వెనుదిరుగుతుంది. లోపలికి వెళ్లిన క్షేత్రం తీవ్రత బయటి దానిలో ఐదో వంతు. మన పని క్షేత్రంతోనే కనుక ఇది పెద్ద దెబ్బ.

రెండో నష్టాన్ని చాలామంది గమనించరు, నిజానికి అది మొదటి దానికన్నా లోతైనది. పదార్థంలో వేగం తొమ్మిదో వంతుకు తగ్గి, తరంగదైర్ఘ్యం కూడా తొమ్మిదో వంతుకు కుదించుకుపోతుంది కాబట్టి నాభి వద్ద చుక్క కూడా అంత చిన్నది కావాలి కదా అనిపిస్తుంది. కాదు. చదునైన చర్మం మీద ఏటవాలుగా పడిన కిరణం లోపలికి వెళ్తూ లంబం వైపు వంగుతుంది. 45 డిగ్రీల కోణంతో వచ్చిన కిరణం లోపల 4.5 డిగ్రీలకు మించదు. విశాలమైన శంకువులా ముడుచుకుంటూ వచ్చిన తరంగం లోపల దాదాపు సమాంతరమైన పుంజంగా మారిపోతుంది. తరంగదైర్ఘ్యం ఎన్ని రెట్లు తగ్గిందో, శంకువు విశాలత కూడా ఇంచుమించు అన్ని రెట్లు తగ్గింది కనుక చుక్క పరిమాణం గాలిలో ఉన్నంతే ఉండిపోతుంది. పదార్థం ఇవ్వజూపిన లాభాన్ని చదునైన సరిహద్దు మింగేస్తుంది.

సూక్ష్మదర్శినితో పనిచేసినవారికి ఇది కొత్త సంగతి కాదు. వంద రెట్ల వస్తుకటకానికీ గాజుపలకకూ నడుమ నూనె చుక్క వేయడం ఈ నష్టాన్ని తప్పించడానికే. స్టాన్‌ఫర్డ్‌లో మాన్స్‌ఫీల్డ్, కినో 1990లో ప్రతిపాదించిన ఘన నిమజ్జన కటకం అదే సూత్రాన్ని అర్ధగోళాకారపు గాజుతో సాధించింది. రోధక కటకం ఆ కుటుంబానికే చెందుతుంది, భూతద్దాల కుటుంబానికి కాదు.

అర్ధగోళం, దానిలోని పొరలు

రెండో నాభి కేంద్రంగా ఒక అర్ధగోళాన్ని ఊహించండి. దాని చదును ముఖం చర్మానికి ఆనుకొని ఉంటుంది, గుండ్రని ముఖం దర్పణం వైపు చూస్తుంది. ముడుచుకుంటూ వచ్చే తరంగం కూడా అదే కేంద్రం వైపు వస్తున్నది కనుక ప్రతి కిరణమూ గుండ్రని ముఖాన్ని సరిగ్గా లంబంగా తాకుతుంది. లంబంగా తాకిన కిరణం వంగదు. అన్ని కిరణాలూ అర్ధగోళంలో ఒకే దూరం నడుస్తాయి కనుక అన్నిటికీ ఒకే ఆలస్యం. కాలంలో పొందిక చెక్కుచెదరదు. శంకువు విశాలత నిలిచింది, తరంగదైర్ఘ్యం తగ్గింది, కాబట్టి ఈసారి చుక్క నిజంగానే తొమ్మిదో వంతుకు కుదించుకుపోతుంది. కిరణాన్ని వంచకపోవడమే ఈ కటకం గొప్పతనం.

ఇక మిగిలింది పరావర్తనం. అర్ధగోళం మొత్తాన్ని 81 స్థిరాంకం గల ఒకే పదార్థంతో చేస్తే, చర్మం దగ్గర పడవలసిన దెబ్బ ఇప్పుడు కటకం బయటి అంచు దగ్గర పడుతుంది. క్షేత్రం ఐదో వంతే లోపలికి వెళ్తుంది. అయినా చుక్క కుదించుకుపోయినందువల్ల వచ్చే తొమ్మిది రెట్ల పెంపుతో కలిపి చూస్తే నాభి వద్ద క్షేత్రం, అదే దర్పణం గాలిలో ఇచ్చేదానికి 1.8 రెట్లు అవుతుంది. ఆ ఒక్క పెద్ద మెట్టును చిన్న చిన్న మెట్లుగా విడగొడితే ఇంకా మేలు. బయటి పొర గాలికి దగ్గరగా, లోపలి పొర కణజాలానికి దగ్గరగా ఉండేలా ఒకే కేంద్రం గల పొరలను ఉల్లిపాయలా పేర్చి, ప్రతి పొర స్థిరాంకమూ దాని బయటి దానికి ఒకే నిష్పత్తిలో ఉండేలా ఎంచుకోవాలి. పది మెట్లు వేయదలిస్తే ఆ నిష్పత్తి దాదాపు 1.55, పొరల స్థిరాంకాలు వరుసగా 1.55, 2.4, 3.7, 5.8, 9, 14, 21.7, 33.6, 52 అవుతాయి, ఆ తర్వాత కణజాలం. మెట్టు మెట్టుకూ స్వల్ప పరావర్తనమే ఉంటుంది కనుక నాభి వద్ద పెంపు 2.8 రెట్లకు చేరుతుంది. మెట్లే లేకుండా స్థిరాంకం నున్నగా పెరిగితే గరిష్ఠంగా 3 రెట్లు. మూడు మెట్లతోనే 2.46 రెట్లు వస్తాయి; ఆ తర్వాత చేర్చే ఒక్కో పొరా తెచ్చే అదనపు లాభం తగ్గుతూ పోతుంది. తయారీలో పడే ఇబ్బందితో తూచి చూస్తే నాలుగైదు పొరల దగ్గర ఆగడం తెలివైన పని అని నాకు అనిపిస్తుంది.

మూడు రెట్లు అనేది గాలిలోని నాభితో పోల్చిన లెక్క. కటకం లేకుండా కణజాలాన్ని నేరుగా నాభి వద్ద పెడితే దక్కేది గాలిలోని క్షేత్రంలో ఐదో వంతు కనుక, వాస్తవంలో కటకం ఉండడానికీ లేకపోవడానికీ తేడా పదిహేను రెట్ల దాకా వస్తుంది.

పొరల కటకానికి మరో షరతు ఉంది, అది మళ్లీ కాలంతో ముడిపడినది. మెట్ల మీద జరిగే చిన్న పరావర్తనాలు ఒకదానితో ఒకటి కలిసి బలపడకుండా చెదిరిపోవాలంటే పల్సు ఒక్కసారిగా కటకమంతటినీ ఆక్రమించకూడదు; కటకాన్ని దాటడానికి పట్టే సమయం పల్సు నిడివి కన్నా బాగా ఎక్కువ ఉండాలి. పల్సు పొడవుగా ఉంటే దానికి ఆ పొరలన్నీ కలిసి ఒకే పలుచని తెరలా కనిపిస్తాయి, పరావర్తనం మళ్లీ పాత స్థాయికి చేరుతుంది. సగటు వక్రీభవన గుణకం 3గా గల 10 సెంటీమీటర్ల మందాన్ని దాటడానికి 1 నానోసెకను పడుతుంది. 100 పికోసెకన్ల పల్సుకు ఇది ధారాళంగా చాలుతుంది. 300 నానోసెకన్ల పల్సుకు ఇదే మేలు చేయాలంటే 30 మీటర్ల మందం గల కటకం కూడా చాలదు. పల్సు స్వల్పంగా ఉండడం జీవశాస్త్రానికి భారమైనా, కటకానికి అదే ప్రాణం.

పదార్థాలు

కాగితం మీద 33.6 అని రాయడం సులువు. ఆ స్థిరాంకం గల పదార్థం దొరకడం, అది విస్తృత పౌనఃపున్య శ్రేణి అంతటా మారకుండా ఉండడం, శక్తిని మింగకుండా ఉండడం వేరే సంగతులు. తక్కువ విలువలకు తేలికపాటి నురుగులు, పాలిథిలీన్ వంటి ప్లాస్టిక్కులు సరిపోతాయి; పాలిథిలీన్ స్థిరాంకం 2.25 ప్రాంతంలో ఉంటుంది. 10 దగ్గర అల్యూమినా పింగాణీ ఉంది. ఆ పైన సాధారణంగా చేసేది అధిక స్థిరాంకం గల టైటానియం డయాక్సైడు వంటి పొడిని ప్లాస్టిక్కులోనో రెసిన్‌లోనో కలిపి, పాళ్లు మార్చి కావలసిన విలువను రాబట్టడం. ఇక్కడ గాలిబుడగలు శత్రువులు: బుడగ లోపల క్షేత్రం చుట్టూ ఉన్న పదార్థంలోకన్నా ఒకటిన్నర రెట్లు ఎక్కువ కాగలదు, గాలి మాత్రం చుట్టూ ఉన్న ఘనపదార్థం కన్నా చాలా ముందే రోధక గుణం కోల్పోయి విచ్ఛేదం చెందుతుంది.

చివరి పొరకు నీటికి మించిన పదార్థం లేదనిపిస్తుంది. చవకైనది, ఏ ఆకారానికైనా ఒదుగుతుంది, స్థిరాంకం 80. కణజాలాన్ని మైక్రోవేవ్‌లతో వేడిచేసే హైపర్‌థెర్మియా చికిత్సలో శుద్ధజలం నింపిన సంచిని చర్మానికి ఆనించడం ఇందువల్లే. అయితే నీటి అణువులు గది ఉష్ణోగ్రత దగ్గర 17 గిగాహెర్ట్జుల పౌనఃపున్యం వద్ద క్షేత్రంతో పాటు తిరగలేక వెనుకబడతాయి. దానికి చాలా ముందు, కొద్ది గిగాహెర్ట్జుల నుంచే శోషణ పెరుగుతూ వస్తుంది. పల్సు ఎంత పదునుగా ఉంటే దానిలో ఆ పై పౌనఃపున్యాలు అంత ఎక్కువ కనుక, నీటి పొరను పలుచగా ఉంచక తప్పదు. కటకానికీ చర్మానికీ మధ్య నీటి జెల్ పూయడం కూడా తప్పనిసరి. గాలి పొర వెంట్రుకంత సన్నగా ఉన్నా, ఏటవాలు కిరణాల క్షేత్రంలో చర్మానికి లంబంగా ఉండే అంశం ఆ సందులో ఎన్నో రెట్లు పెరిగిపోతుంది.

శరీరం నీళ్ల తొట్టి కాదు

ఇంతవరకు కణజాలాన్ని ఒకే పదార్థంగా భావించాం. 1 గిగాహెర్ట్జు వద్ద చర్మం రోధక స్థిరాంకం సుమారు 41, కండరానిది 55, వాటి నడుమ ఉండే కొవ్వుది 5.4 మాత్రమే. తడి ఎక్కువున్న కణజాలానికి విలువ ఎక్కువ, తక్కువున్న దానికి తక్కువ. చర్మానికి సరితూగేలా కటకాన్ని ఎంత జాగ్రత్తగా తయారుచేసినా, దాని వెనుకే ఉన్న కొవ్వు ప్లాస్టిక్కును పోలిన పదార్థం.

దీని పర్యవసానం పరావర్తనంతో ఆగదు. ఎక్కువ గుణకం నుంచి తక్కువ గుణకంలోకి వెళ్లే కిరణం ఒక హద్దును మించిన ఏటవాలుతో వస్తే సంపూర్ణాంతర పరావర్తనం చెందుతుంది. చర్మం నుంచి కొవ్వులోకి ఆ హద్దు 21 డిగ్రీలే. కటకం అంత శ్రమపడి కాపాడిన విశాలమైన శంకువులో ఎక్కువ భాగం ఆ హద్దుకు బయటే ఉంటుంది. కొవ్వు పొర పలుచగా ఉంటే ప్రమాదం తక్కువ, ఎందుకంటే 1 గిగాహెర్ట్జు వద్ద కొవ్వులో తరంగదైర్ఘ్యం 13 సెంటీమీటర్లు కనుక రెండు మిల్లీమీటర్ల పొరను తరంగం లెక్కచేయకుండా దాటిపోతుంది. రెండు మూడు సెంటీమీటర్ల కొవ్వు ఉంటే అది గోడే. కటకం రూపకల్పన గురించిన లెక్కల్లో కణజాలాన్ని ఏకరీతి పదార్థంగా తీసుకోవడం తొలి అడుగుగా సమంజసమే, కానీ చదివేవారు దానినే చికిత్సకు హామీగా భావించకూడదు.

లోతుకు సంబంధించిన ప్రశ్న మరింత కఠినమైనది. తరంగం నాభి వైపు ముడుచుకునేకొద్దీ క్షేత్రం దూరానికి విలోమంగా పెరుగుతుంది. అదే సమయంలో కణజాలం దానిని ఘాతీయంగా తగ్గిస్తూ ఉంటుంది. కండరంలో 1 గిగాహెర్ట్జు క్షేత్రం ప్రతి 4 సెంటీమీటర్లకూ 37 శాతానికి పడిపోతుంది. నాభి చుట్టూ 1 సెంటీమీటరు వ్యాసార్ధం గల చుక్క ఏర్పడుతుందని తీసుకుంటే, 5 సెంటీమీటర్ల లోతున కేంద్రీకరించినప్పుడు నాభి అంచున క్షేత్రం చర్మం మీది దానికి 1.8 రెట్లు ఉంటుంది. 10 సెంటీమీటర్ల లోతుకు వెళ్తే రెండూ దాదాపు సమానం. లోపలి కణితి ఎంత దెబ్బ తింటుందో పైనున్న చర్మమూ అంతే తింటుంది. పదును పెంచి చుక్కను చిన్నది చేద్దామంటే పౌనఃపున్యం పెరుగుతుంది, 10 గిగాహెర్ట్జుల వద్ద కండరం 3 మిల్లీమీటర్లలోనే క్షేత్రాన్ని ఆ మేరకు మింగేస్తుంది. పైగా శోషణ పై పౌనఃపున్యాలను ముందుగా తినేస్తుంది కనుక లోతుకు వెళ్లేకొద్దీ పల్సు మొద్దుబారి, నిడివి పెరిగి, చుక్క కూడా వెడల్పవుతుంది. ఈ లెక్కలను బట్టి చూస్తే చర్మం, దానికి దిగువన కొద్ది సెంటీమీటర్ల లోపు ఉన్న లక్ష్యాలకు ఈ పద్ధతి సహజంగా సరిపోతుందనీ, ఉదరం లోపలి అవయవాలకు ఇది ఎలక్ట్రోడ్ల స్థానాన్ని ఆక్రమించగలదని ఆశించడం తొందరపాటు అనీ నా అభిప్రాయం. కణాలను చంపడానికి కాక నాడులను ప్రేరేపించడం వంటి తక్కువ క్షేత్రంతో జరిగే పనులకు దీనిని వాడాలన్న ఆలోచన అందుకే అర్థవంతంగా కనిపిస్తుంది.

చివరిగా, ఎలక్ట్రోడ్లకు లేని ఒక పరిమితి తరంగానికి పుట్టుకతోనే ఉంది. దూరానికి ప్రసరించే ఏ పల్సులోనైనా ధన, రుణ భాగాల వైశాల్యాలు చివరికి సమానం కావాలి. స్థిరమైన ఏకదిశా విద్యుత్తును యాంటెనా ప్రసరింపజేయలేదు. కాబట్టి నాభి వద్ద ఎత్తైన సన్నని శిఖరానికి ముందూ వెనుకా వ్యతిరేక దిశలో తక్కువ ఎత్తు గల, వెడల్పైన పల్లాలు తప్పవు. నానోసెకను పల్సుల విషయంలో, మొదటి పల్సు వెంటనే వ్యతిరేక దిశలో మరొకటి వస్తే మొదటిది కణం మీద చూపిన ప్రభావం చాలావరకు రద్దవుతుందని ఆండ్రై పఖోమోవ్ బృందం 2014లో చూపింది. తరంగ పద్ధతికి ఇది ఉరితాడులా కనిపించింది. అయితే అదే ధర్మాన్ని తిరగేసి వాడే ఆలోచన ఆ తర్వాత వచ్చింది: రెండు వేర్వేరు దిక్కుల నుంచి, ఒక్కొక్కటీ విడిగా తనను తాను రద్దుచేసుకునే రెండు జంట పల్సులను పంపి, అవి కలిసే చోట మాత్రమే ఒకదాని రుణ భాగాన్ని మరొకదాని ధన భాగం చెరిపేసి ఏకదిశా పల్సు మిగిలేలా చేయడం. ఎలక్ట్రోడ్లతో ఈ సూత్రాన్ని పరీక్షించారు. కటకాలతో చేయాలంటే రెండు పుంజాలు కొద్ది పికోసెకన్ల తేడా కూడా లేకుండా ఒకే చుక్కను చేరాలి, అంటే కణజాలంలో మిల్లీమీటరు కన్నా తక్కువ తేడాతో. కండరం, కొవ్వుల అమరిక ఒక్కో శరీరంలో ఒక్కో విధంగా ఉంటుంది కనుక ఆ మిల్లీమీటరును ముందుగా లెక్కగట్టి ఉంచలేరు. ప్రతి శరీరానికీ, ప్రతి లక్ష్యానికీ దానిని విడిగా కొలిచి, పుంజాల సమయాన్ని సరిచేయవలసి ఉంటుంది.